ఫోన్ చేసిన మనిషి

మినుము పీకడానికి తెల్లవారుజామే మంచిది. మంచు పదును మీద కాయ పగలదు. ఎండెక్కాక చెయ్యి వేస్తే చిటపటమని గింజంతా నేలపాలు. ఆ శనివారం పొద్దున పీకి పడేసిన మొక్కల్ని నీలవేణి సాయంత్రం కుప్పలు వేస్తోంది. వేళ్ళు బయటికి, కాయలు లోపలికి, కట్ట మీద కట్ట. నడుం పట్టేసినట్టయి ఒక్క క్షణం నిటారుగా నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. నిలబడకపోయినా బాగుండేది.

పొలం అవతల ఉప్పు మడుల గట్టు. నౌపడ వైపు పోయే రైలు కూడా ఆ గట్టు పక్క నుంచే పోతుంది. గట్టు మీద నలుగురు కుర్రాళ్ళున్నారు. మోటారు సైకిలు స్టాండు వేసి ఉంది. దాని మీద అడ్డంగా, కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నవాడి వీపు ఆమెకి తెలుసు. చిన్నప్పుడు ఒళ్ళు రుద్దిన తల్లికి కొడుకు వీపు పోల్చుకోడానికి దగ్గరికి పోనక్కర్లేదు. వాడు తల వెనక్కి వాల్చి సీసా ఎత్తాడు.

దేవేంద్రకి ఇంకా ఇరవై నిండలేదు. శ్రీకాకుళంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. రోజూ రైల్లో ఆమదాలవలసలో దిగి అక్కణ్ణుంచి బస్సులో పోతాడు. అగ్నివీర్ పరుగులో నెగ్గాడు, రాత పరీక్ష నెగ్గాడు, డాక్టర్లు ఒళ్ళంతా చూసి సరే అన్నారు. ఇక పోలీసు స్టేషను నుంచి మంచి నడవడిక కాగితం ఒక్కటే రావాలి. ఆ కాగితం నెలాఖరు లోపల పంపాలి.

ఎనిమిది నెలల కిందట వాడు ఆమదాలవలసలో తాగి బండి నడుపుతూ దొరికాడు. కోర్టులో ఒప్పుకున్నాడు, జరిమానాతో వదిలారు. ఆ తర్వాత రెండు నెలలు కొడుకు ఎంత బాగున్నాడో నీలవేణి మరిచిపోలేదు. చీకటి పడకుండానే ఇంటికి వచ్చేవాడు. పెట్టింది తినేవాడు. తెల్లారి లేచి రోడ్డు మీద పరుగెత్తేవాడు. అదంతా ఖాకీ గుడ్డ చేసిన మేలని ఆమె నమ్మకం.

ఆ నమ్మకం ఆమె ఒక్కదానిదే కాదు. మండలం స్టేషనులో హెడ్ కానిస్టేబులు తిరుమలరావు ఆ ఊరివాడే. ఎవరి కొడుకు దారి తప్పినా తల్లులు ఆయన గడపలో నిలబడి "నాయనా, ఓ రెండు తగిలించి బయం పెట్టు" అని అడిగేవారు. ఆయన తగిలించేవాడు. కుర్రాడు పది రోజులు తల వంచుకుని తిరిగేవాడు. పోలీసంటే ఆ ఊరి ఆడవాళ్ళకి చట్టం కాదు. ఇంట్లో మగవాళ్ళ మాట చెల్లనప్పుడు పిలిచే మేనమామ.

నీలవేణి బొడ్లోంచి ఫోను తీసి తిరుమలరావుకి కొట్టింది. స్విచాఫ్. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే.

గట్టు మీద ఎవడో కేక పెట్టి నవ్వాడు. వెళ్ళి నాలుగు అంటించి లాక్కొద్దామా అనుకుంది. పోయిన నెల అలాగే వెళ్ళింది. స్నేహితుల ముందు పరువు తీశావని వాడు మూడు రోజులు మాట్లాడలేదు. అప్పుడు గుర్తొచ్చింది, పొదుపు గ్రూపు మీటింగులో ఊరి సచివాలయం మహిళా పోలీసు చెప్పిన నంబరు. మూడే అంకెలు, చదువు రాని వాళ్ళకి కూడా నోటికి వచ్చేలా పదిసార్లు అనిపించింది ఆ పిల్ల.

అవతల ఒక ఆడపిల్ల పలికింది. నీలవేణి ఊరు పేరు చెప్పింది, గట్టు చెప్పింది.

"కుర్రోళ్ళు తాగుతన్నారమ్మా. సదువుకునే పిల్లలు."

"మీ పేరు?"

"పేరెందుకు తల్లీ? జీపు పంపీండి. రెండు దెబ్బలేసి ఇళ్ళకి తోలీండి, సాలు."

"సరేనమ్మా. వెహికల్ వస్తుంది," అంది ఆ పిల్ల. టకటకమని ఏదో కొడుతున్న చప్పుడు వినిపించింది.

జీపు ఆమె అనుకున్నంత ఆలస్యం కూడా చెయ్యలేదు. నీలవేణి కుప్ప వెనక్కి తప్పుకుని చూసింది. ఇద్దరు పోలీసులు దిగారు. ఇద్దరూ ఊరికి కొత్త. కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు. ఇప్పుడు కొడతారు, ఇప్పుడు కొడతారు అని ఆమె ఎదురు చూసింది. వాళ్ళు కొట్టలేదు. చిన్న పెట్టె ఒకటి తీసి ఒక్కొక్కడి చేత గొట్టంలో ఊదించారు. సీసాల్ని ఫోటో తీశారు, బండిని ఫోటో తీశారు. దేవేంద్ర జేబులోంచి తాళం తీసుకున్నారు. నలుగుర్నీ జీపెక్కించారు. ఒక పోలీసు ఆ బండి ఎక్కి వెనకాలే వెళ్ళిపోయాడు.

ఒక్క దెబ్బ పడి ఉంటే ఆమె గుండె నిమ్మళించేది. ఎవరూ ఎవర్నీ ముట్టుకోలేదు. అది చూశాకే ఆమెకి మొదటిసారి భయమేసింది.

*

కుర్రాళ్ళని చీకటి పడ్డాక తండ్రుల చేత సంతకాలు పెట్టించుకుని పంపేశారు. గురువారం కోర్టుకి రావాలన్నారు. ఎవరో ఫోన్ చేస్తేనే వచ్చామని కూడా చెప్పారు.

ఆదివారం పొద్దున్నే జగ్గమ్మ వీధిలోకి వచ్చింది. జగ్గమ్మ శివాజీ తల్లి. శివాజీ ఆ నలుగురిలో ఒకడు, దేవేంద్రకి చిన్నప్పటి నుంచీ జతగాడు. ఇరవై రెండేళ్ళ వాడు గనక కొట్లో సీసా కొన్నది వాడే. జగ్గమ్మ జుట్టు ముడి విప్పుకుని, వీధి మధ్య నిలబడి గుప్పెడు దుమ్ము ఎత్తి గాల్లోకి పోసింది.

"ఫోను సేసినోడి సెయ్యి పడిపోను! నా గుంటడ్ని కోర్టు మెట్లెక్కించినోడి నోట్లో పురుగులు పడ! ఆడింట పొయ్యి రాజకుండా పోను!"

ఒక్కొక్క శాపానికీ ఒక్కొక్క గుప్పెడు దుమ్ము. దొంగ ఎవడో తెలియనప్పుడు ఆ వీధిలో జరిగే విచారణ అదే. ఎవరి మొహం మాడితే వాళ్ళ మీద అనుమానం. అందుకని ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. నీలవేణి కూడా చీపురు చేత్తో పట్టుకుని వచ్చి నిలబడింది.

"పోనీలే వదినా, నోరు నొప్పెడతాది," అంది.

"పోనీలే ఏటే? నీ కొడుకు లేడేటి అందులో? తిట్టవేటి నువ్వు? తిట్టు!"

వీధంతా ఆమె వైపే చూస్తోంది. నీలవేణి కుడి చేతిలో చీపురు ఎడమ చేతిలోకి మార్చుకుంది.

"ఆ సెయ్యి పడిపోను," అంది.

ఇంట్లోకి వస్తే మొగుడు గణపతిరావు అంతకంటే ఎక్కువగా ఉడికిపోతున్నాడు. మామూలుగా నెమ్మదైన మనిషి. నాగలి పట్టినా, నవ్వినా నిదానమే. "ఎవుడో తెలిస్తే సెప్పు, కాళ్ళిరగ్గొట్టీస్తాను," అన్నాడు పెళ్ళాంతో. దేవేంద్ర మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కదలకుండానే అన్నాడు: "జీపు రాకముందు శివాజీగాడు ఫోను అట్టుకుని అవతలికి పోనాడు. ఆడి మీద కేసు కూడా సిన్నదే రాసినారు."

"అన్నేయంగా అనకు," అంది నీలవేణి.

"మరెవుడు సేస్తాడు? సెప్పు నువ్వు."

ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. చెప్పాలంటే అదే సమయం. గొంతు దాకా వచ్చిందీ, నిజమే. కానీ ఇప్పుడే కదా వీధిలో శాపం పెట్టింది, ఇంతలోనే ఆ చెయ్యి నాదే అని ఎలా చెప్పడం! పొయ్యిలో కట్టె ఎగదోసి ఊదుతూ కూర్చుంది.

*

సోమవారం మొగుడూ పెళ్ళాలిద్దరూ పట్నం వెళ్ళి లాయరు నారాయణమూర్తిని కలిశారు. కోర్టు ఎదురుగా జిరాక్సు కొట్టు పక్కన ఒక గది. ఆయన ఫైళ్ళకి టేపు కట్టుకుంటూ, ముడి వేసిన ప్రతిసారీ ఒక మాట చెప్పాడు.

"ఉత్త తాగుడు కేసైతే చిన్నది. బహిరంగంగా తాగినందుకు నాలుగు చీవాట్లు పెట్టి వదిలేస్తారు. మీవాడి మీద రాసింది అది ఒక్కటే కాదు. తాగి బండి నడిపాడని రాశారు. అది రెండోసారి. మొదటిసారి ఒప్పుకున్నాడు కదా, అది రికార్డులో ఉంది. రెండోసారికి జైలు కూడా వెయ్యొచ్చు."

"ఇరవై కూడా నిండలేదు బాబూ ఆడికి," అన్నాడు గణపతిరావు.

"అదీ తప్పే. ఇరవై ఒకటి నిండకుండా తాగకూడదు. వయసు చెప్పి తప్పించుకుందామంటే, ఆ వయసుకి సీసా ఎలా ముట్టావని అడుగుతారు."

"మిలటరీ కాగితం?"

లాయరు ముడి బిగించాడు. "రెండోసారి కూడా శిక్ష పడితే స్టేషనువాళ్ళు ఆ కాగితం మీద మంచోడని రాయరు. రాయకపోతే ఉద్యోగం లేదు."

గణపతిరావు రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేల చూశాడు.

"నడపలేదు బాబూ," అంది నీలవేణి. "బండి స్టాండేసి ఉన్నాది."

లాయరు తలెత్తాడు. "మీకెలా తెలుసు?"

"ఆడే సెప్పినాడు," అంది గబుక్కున.

"వాడు చెబితే చెల్లదు. పక్కనున్న ముగ్గురూ తాగినవాళ్ళు, వాళ్ళు చెప్పినా చెల్లదు. తాగనివాళ్ళు ఎవరైనా చూసి ఉండాలి." ఆయన కొంచెం ఆలోచించి, "ఫోన్ చేసినవాళ్ళు ఉంటారు కదా. చూసే కదా చేసి ఉంటారు. వాళ్ళని పట్టుకోండి. వాళ్ళొచ్చి బండి ఆగి ఉందని ఒక్క మాట అంటే, నడిపాడన్న ముక్క మీద నేను వాదిస్తాను," అన్నాడు.

బస్సులో గణపతిరావు దారంతా అదే మాట. "ఎవుడో తెలిస్తే ఆడి కాళ్ళైనా అట్టుకుంటాను." నిన్న విరగ్గొడతానన్న కాళ్ళే ఇవాళ పట్టుకుంటానంటున్నాడు. ఆ కాళ్ళు పక్క సీట్లోనే, పగిలిన మడమలతో, అరిగిన చెప్పుల్లో ఉన్నాయి. నీలవేణి వాటిని సీటు కిందకి లాక్కుంది.

మంగళవారం మినుము కొట్టారు. కళ్ళంలో పరదా పరిచి, ఎండిన మొక్క గుట్టగా పోసి, ఇద్దరు కూలివాళ్ళు కర్రలు ఎత్తి దించుతుంటే నీలవేణి చేటతో తూర్పారబడుతోంది. గాలి మంచిగా ఉంది. పొట్టు ఎగిరి పక్కకి పోతోంది. చేట వంచి, వణికించి, గింజ జారవిడిచే పని మీద ఉంటే మనసు కొంత ఊరుకుంటుంది. ఆ పనిలో ఉండగానే శివాజీ వచ్చాడు. తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. తువ్వాలంతా రక్తం.

"అత్తా, ఆడు నన్ను కొట్టినాడు," అన్నాడు. కింది పెదవి చిట్లి వాచిపోయింది. ముందు పన్ను ఒకటి లేదు. "టీ కొట్టు కాడ, అందరి ముందూ. నానే ఫోను సేసినానని. నానెందుకు సేస్తానత్తా? నన్ను కూడా అట్టుకుపోనారు కదా. ఆ ఫోను మా పిన్ని కాడి నించి వచ్చినాది, కావాలంటే సూడు." ఫోను ఆమె ముందుకి చాపాడు.

నీలవేణి చూడలేదు. చేట కింద పెట్టి, కుండలో నీళ్ళు ముంచి వాడికి ఇచ్చింది. వాడు పుక్కిలించి ఉమ్మాడు. కూలివాళ్ళు కర్రలు ఆపేసి చూస్తున్నారు.

"నువ్వు సెప్తే ఇంటాడు ఆడు. నువ్వు సెప్పత్తా."

"సెప్తాన్రా," అంది.

వాడు వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ చేట ఎత్తింది. గింజా పొట్టూ కలిసి పడ్డాయి. పొద్దు గూకాక కొడుకు ఇంటికి వస్తే అన్నం పెట్టింది. వాడి పిడికిలి మీద వేళ్ళ దగ్గర చర్మం లేచిపోయి ఉంది. ఆ చేత్తోనే కలుపుకుని తింటున్నాడు. పక్కన కూర్చుని చూస్తూ ఆమె ఒక్క మాట కూడా చెప్పలేదు. తన మీద తనకి అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

*

బుధవారం పొద్దున తిరుమలరావు ఇంటి దగ్గరే ఉన్నాడు. పెరట్లో బనీనుతో కూర్చుని బూట్లకి పాలిష్ రుద్దుకుంటున్నాడు. ఆమెని చూడగానే బ్రష్షు ఆపాడు.

"స్టేషన్లో ఆ ఫోను రికార్డులో నీ నంబరు సూసినాను వదినా," అన్నాడు, ఆమె ఏమీ అడక్కుండానే.

నీలవేణి గోడ పట్టుకుని కింద కూర్చుంది. "ఎవరికైనా సెప్పినావా?"

"సెప్పకూడదు. ఎవరికీ సెప్పను. గానీ నాకెందుకు కొట్టలేదు నువ్వు?"

"కొట్టినాను. నీ ఫోను పలకలేదు."

ఆయన ఆ రోజు కోర్టు డ్యూటీలో ఉన్నాడు, ఫోను కట్టేసుకున్నాడు. తల అడ్డంగా ఊపుతూ చాలాసేపు ఒకే బూటు రుద్దాడు.

"నానైతే ఓ నాలుగు పీకి తోలీసీవోడ్ని. ఆ నంబరు అలాగ కాదు వదినా. కొట్టగానే కంప్యూటర్లోకి ఎక్కిపోతాది. ఎన్ని గంటలకి పోనారు, ఏటి సేసినారు, అన్నీ రాయాలి. ఆ వచ్చినోళ్ళు కొత్త కుర్రోళ్ళు. తాళం ఆడి జేబులో ఉన్నాది, ఊదితే అంకె వచ్చినాది, పాత కేసు తెరిస్తే కనిపించినాది. నడిపినాడని రాసీసినారు. నడపకుండా బండి గట్టెక్కుతాదేటి అంటారు ఆళ్ళు."

"నాను సూసినప్పుడు స్టాండు మీదే ఉన్నాది."

"అయితే ఆ మాట రేపు జడ్జి గారికి సెప్పు."

"సెప్తే ఇంటారా?"

"జడ్జి గారు ఇంటారు." బూటు పక్కన పెట్టి రెండోది అందుకున్నాడు. "ఊరు ఇనదు. ఈదిలో ఏ ఇల్లూ నీకు నిప్పు కూడా ఇయ్యదు. ఆలోసించుకో."

ఆమె ఆలోచించుకోడానికి ఏమీ లేదు. దేవేంద్రకి జైలు. శివాజీకి పన్ను పోయింది, పేరు పోయింది. రెండూ తన నోటి దగ్గరే ఆగి ఉన్నాయి. అయినా ఇంటికి పోయే దారిలో పది రకాలుగా తప్పించుకోడానికి చూసింది. కడుపునొప్పని పడుకుంటే? రేపు కోర్టే లేకపోతే? లాయరు ఎలాగో గెలిపించేస్తే? మనిషికి పిరికితనం వచ్చిందంటే బుద్ధి ఎంత చురుగ్గా పనిచేస్తుందో ఆమెకి ఆ అరమైలు దూరంలో తెలిసింది.

గురువారం తెల్లారే లేచి వంట చేసింది. ఆలస్యమైతే కొడుకు ఆకలికి ఆగలేడని అన్నం, వంకాయ కూర గిన్నెలో సర్దింది.

*

కోర్టు హాలు చిన్నది. బెంచీలు చాలక చిల్లర కేసుల వాళ్ళంతా గోడల వారగా నిలబడ్డారు. పేరు పిలవడం, "ఒప్పుకుంటావా?" అనడం, "ఒప్పుకుంటానండి" అనడం, జరిమానా చెప్పడం. ఒక్కొక్కడికి నిమిషం కూడా పట్టడం లేదు. మేజిస్ట్రేటు నెరిసిన జుట్టు మనిషి. కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసి, మళ్ళీ రాసుకుంటున్నాడు. శివాజీ అలాగే ఒప్పుకుని, జరిమానా విని, వాచిన పెదవితో పక్కకి తప్పుకున్నాడు. జగ్గమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. నలుగురిలో మిగిలిన పక్క ఊరి కుర్రాళ్ళిద్దరూ కూడా అలాగే అయిపోయారు.

దేవేంద్ర పేరు పిలిచారు. గుమాస్తా కాగితం చదివాడు. తాగి బండి నడపడం, రెండోసారి.

నారాయణమూర్తి లేచి, "బండి ఆగి ఉందండి, నడిపినట్టు సాక్ష్యం లేదండి," అన్నాడు.

"ఆగి ఉందని సాక్ష్యం ఉందా?"

లాయరు గణపతిరావు వైపు చూశాడు. గణపతిరావు తల దించుకున్నాడు. నాలుగు రోజులు నాలుగు ఊళ్ళవాళ్ళని అడిగినా ఆ ఫోన్ చేసిన మనిషి దొరకలేదు.

నీలవేణి చెయ్యెత్తింది. బళ్ళో పిల్లలు ఎత్తినట్టు ఎత్తి, దించకుండా అలాగే ఉంచింది. కోర్టు పోలీసు "దించమ్మా" అన్నాడు. ఆమె దించలేదు.

"ఎవరావిడ? రానివ్వండి," అన్నాడు మేజిస్ట్రేటు.

ఆమె ముందుకి వచ్చింది. గిన్నె సంచి ఇంకా చేతిలోనే ఉంది.

"ఆడి తల్లినండి. నానే ఫోను సేసినాను."

మేజిస్ట్రేటు కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఏమని చేశారు?"

"గట్టు మీద తాగుతన్నారని సేసినానండి. మా మినుము సేను పక్కనే. నా కొడుకున్నాడని తెలిసే సేసినాను. రెండు దెబ్బలేసి పంపిస్తారనుకున్నాను, కేసవుతాదని తెల్దు. ఆడు తాగినాడు. తాగనేదని సెప్పను. గానీ బండి స్టాండేసి ఉన్నాది. దాని మీద కూకున్నాడు, అంతే. నా రెండు కళ్ళతో సూసినాను." అప్పుడు ఆమె వెనక్కి తిరిగింది. "శివాజీకి ఏటీ తెల్దు. ఆడిని ఊరికే కొట్టినారు. నాను సెప్పకపోవడం వల్లే కొట్టినారు."

జగ్గమ్మ కొడుకు చెయ్యి వదిలేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గణపతిరావు పెళ్ళాన్ని ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు.

మేజిస్ట్రేటు కలం కింద పెట్టాడు. "అబ్బాయ్, మీ అమ్మ చెప్పింది విన్నావు కదా. నువ్వు నడపలేదంటే ఆ ముక్క విచారణకి పెడతాను. ఆవిడ వచ్చి ప్రమాణం చేసి చెబుతుంది. అది తేలేదాకా నీకు ఆ శిక్ష లేదు. నడిపావా, నడపలేదా?"

ఒక్క మాట చాలు. నారాయణమూర్తి అప్పుడే వాడి వైపు కళ్ళతో సైగ చేస్తున్నాడు. నీలవేణి కొడుకు మొహం చూసింది. దవడలు బిగించి, కళ్ళు ఎర్రగా, వాడు తననే చూస్తున్నాడు. వాడి మొహంలో అంత కోపం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ తర్వాత వాడి చూపు ఆమెని దాటి, వెనకాల గోడ దగ్గర నిలబడ్డ శివాజీ మీదకి పోయి అక్కడ ఆగిపోయింది.

"అమ్మ సెప్పింది నిజవే సార్," అన్నాడు. "అమ్మ సూసినప్పటికి స్టాండు మీదే ఉన్నాది."

"నడపలేదన్నమాట."

"నడిపినాను సార్. కొట్టు కాడే సగం తాగీసి నడుపుకుని వచ్చినాను. గట్టు మీద మిగతాది తాగినాం. అమ్మకి అది తెల్దు."

నారాయణమూర్తి ఫైలు మూసేశాడు. నీలవేణి ముందున్న బల్ల పట్టుకుంది. ఊరందరి ముందూ తనని తాను చూపించుకుని సంపాదించిన ఒక్క మాటనీ కొడుకు రెండు ముక్కల్లో పడగొట్టేశాడు. వాడి మీద కోపం రావాలి. రాలేదు. వాడు నిజం చెబితే ఎలా ఉంటుందో ఆమె విని ఎన్నాళ్ళో అయింది.

మేజిస్ట్రేటు మళ్ళీ కలం అందుకున్నాడు. "మొదటిసారి వయసు చూసి వదిలారు. రెండోసారి తాగేటప్పుడు ఆ వయసు నీకే గుర్తు రాలేదు," అన్నాడు. "దాచకుండా చెప్పావు గనక తగ్గిస్తున్నాను." ఐదు రోజుల జైలు, జరిమానా, లైసెన్సు రద్దు. గుమాస్తా తర్వాతి పేరు పిలిచాడు.

*

జైలుకి తీసుకెళ్ళే జీపు రావడానికి కొంచెం టైముంది. దేవేంద్రని వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. పక్కన ఒక పోలీసు నిలబడి ఫోను చూసుకుంటున్నాడు.

గణపతిరావు దూరంగా మెట్ల మీద కూర్చున్నాడు. నీలవేణి దగ్గరికి పోతే ఒకటే అన్నాడు: "ఇన్నేళ్ళు కాపరం సేసినాం. నాకొక్కడికి సెప్పకపోనావు." జగ్గమ్మ కొడుకుని తీసుకుని పక్క నుంచే వెళ్ళింది. "వదినా," అంది నీలవేణి. జగ్గమ్మ ఆగింది గానీ తిరగలేదు. "ఇప్పుడేటీ మాటాడకు నాతో. నా నోరు మంచిది కాదు," అని మెట్లు దిగిపోయింది. శివాజీ మాత్రం ఒక క్షణం వెనకబడి బల్ల మీదున్న వాణ్ణి చూశాడు. వాడు కూడా చూశాడు.

నీలవేణి వెళ్ళి కొడుకు పక్కన కూర్చుంది. గిన్నె ఒళ్ళో పెట్టుకుంది.

"నిజంగా నువ్వేనేటే?" అన్నాడు దేవేంద్ర.

"నానే."

"పోలీసోళ్ళ సేత కొట్టించడం దేనికి? నువ్వే కొట్టొచ్చు కదా."

"నా సేతికి అందడం మానీసినావు కదరా."

వాడు గోళ్ళు చూసుకున్నాడు. పిడికిలి మీద దెబ్బ పక్కు కట్టింది.

"నడిపినానని నా మీద కోపంతో సెప్పినావా?" అని ఆమె అడిగింది.

"ముందు కోపమే. నిన్ను ఏడిపించాలనే అనుకున్నాను." వాడు పిడికిలి మీది పక్కు గీరాడు. "శివాజీగాడు ఎదురుగా ఉన్నాడు. ఆడి మూతి సూసినాక ఇంకేటీ అబద్దం రాలేదు. సెయ్యనోడ్ని కొట్టీసినాను కదే అమ్మా."

"అందులో సగం నాది."

"మిలటరీ పోనాది."

"పోనాది," అంది నీలవేణి. పోలేదని చెప్పడానికి ఆమెకి మనసొప్పలేదు. వాడు రోజూ తెల్లారి రోడ్డు మీద పరుగెత్తి వచ్చి, గుమ్మంలో ఒగురుస్తూ నీళ్ళు అడిగేవాడు. అది తలుచుకునేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

కోర్టు గేటు దగ్గర జీపు ఆగింది. పోలీసు ఫోను జేబులో పెట్టుకుని, "బేగి కానీండి," అన్నాడు.

దేవేంద్ర లేవలేదు. "అమ్మా, ఒకటి సెప్పు. నాను వచ్చి మళ్ళీ తాగినాననుకో. మళ్ళీ సేస్తావేటి ఫోను?"

ఆరు రోజులుగా ఆమె ఆ ఫోను చేసిన గడియని తిట్టుకోని పూట లేదు. ఆ చెయ్యి పడిపోవాలని తన నోటితోనే అంది. మొగుడి నమ్మకం పోయింది, ఊరి పొత్తు పోయింది, కొడుకు ఉద్యోగం పోయింది. ఆమె వాడి మొహం చూసింది. తాగని మొహం. ఎదుట కూర్చుని, జవాబు కోసం ఆగి ఉన్న మొహం.

"సేస్తాను," అంది.

వాడు తల ఊపాడు. ఆమె ఒళ్ళో గిన్నె తీసుకుని, మూత తెరిచి, నిలబడే గబగబా నాలుగు ముద్దలు తిన్నాడు. మిగిలింది నువ్వు తిను అని గిన్నె ఆమె చేతిలో పెట్టి పోలీసు వెంట జీపు వైపు నడిచాడు.